ప్రళయ కథలు – ప్రయోగశాల కొలతలు

లోకం ఒకనాడు అంతమవుతుందన్న ఊహ మానవుడికి కొత్తది కాదు. పోతన భాగవతం అష్టమస్కంధంలోని మత్స్యావతార కథ తెలుగువారికి సుపరిచితమే. సత్యవ్రతుడనే రాజర్షి దోసిట చిక్కిన చేపపిల్ల పెరిగి పెరిగి మహామత్స్యమై, రానున్న జలప్రళయాన్ని ముందుగా తెలియజేస్తుంది. ఓషధులను, విత్తనాలను, సప్తర్షులను ఒక నావలో చేర్చుకొని ఆ రాజు ప్రళయాన్ని దాటుతాడు. వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం పేరిట ప్రచారంలో ఉన్న మాటలు పల్లె అరుగుల మీద ఎన్ని తరాలుగానో వినబడుతున్నాయి. ఈ కథలన్నింటిలో ప్రళయానికి కారణం దైవసంకల్పం, లేదా కాలధర్మం. మనిషి చేయగలిగినదల్లా ముందుగా తెలుసుకొని సిద్ధపడడమే.

పంతొమ్మిదవ శతాబ్దంలో ఈ కథ రూపు మారింది. దైవం ఉన్న స్థానంలోకి మొదట ప్రకృతి, పిమ్మట మానవుడే వచ్చి నిలిచాడు. విజ్ఞానకల్పనా సాహిత్యంలో ప్రళయకథ అనే శాఖ అట్లా ఆరంభమైంది. ఆయా కాలాలలో ప్రయోగశాలలనుంచి వెలువడిన కొత్త సంగతులే ఈ కథలకు ముడిసరుకు. కనుక ఈ కథలను శాస్త్రపు గీటురాయి మీద పరీక్షించడానికి వీలున్నది. వేయవలసిన ప్రశ్నలు రెండే: ఎంత? ఎలా? ఈ రెండు ప్రశ్నలనూ సరిగా వేసినచోట భయం మానవుడికి మేలు చేసింది. వేయనిచోట మోసగాళ్ళకు బేరమైంది.

వేసవి రాని సంవత్సరం

1815 ఏప్రిల్‌లో ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. మరుసటి ఏడు ఐరోపాలో, ఉత్తర అమెరికాలో వేసవి రాలేదు. పంటలు పోయాయి, కరవు వచ్చింది. ఆ చీకటి వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున వానకు ఇల్లు కదలలేక కూర్చున్న యువ రచయితల బృందంలో బైరన్ సూర్యుడు ఆరిపోయిన లోకాన్ని గూర్చి కవిత వ్రాశారు. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ప్రారంభించారు. పదేళ్ళ తరువాత, 1826లో ఆమె ‘ద లాస్ట్ మాన్’ అనే నవల ప్రచురించారు. ఇరవై ఒకటవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఒక మహమ్మారి భూమినంతటినీ తుడిచిపెట్టగా ఒకే ఒక్కడు మిగలడం అందలి ఇతివృత్తం.

తమ వేసవిని దొంగిలించినది ఎక్కడో తూర్పుదీవులలోని అగ్నిపర్వతమని ఆ రచయితలకు తెలియదు. దాని ‘ఎలా?’ రసాయనశాస్త్రం తరువాత తేల్చింది. అగ్నిపర్వతం చిమ్మిన గంధక ద్వ్యామ్లజని వాయువు, అనగా సల్ఫర్ డయాక్సైడ్, పై వాతావరణమైన స్ట్రాటోస్ఫియర్‌కు చేరి నీటితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నని తుంపరలుగా మారుతుంది. ఆ తుంపరలు సూర్యకాంతిని వెనుకకు మళ్ళిస్తాయి. ‘ఎంత?’ అన్న ప్రశ్నకు సమాధానం 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం ఇచ్చింది. అది ఎగజిమ్మిన సల్ఫర్ డయాక్సైడ్ సుమారు 2 కోట్ల టన్నులలోపు. దానివలన భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ సెల్సియస్ తగ్గి, ఒకటి రెండేళ్ళలో మరల కోలుకొన్నది.

తోకచుక్క తోకలో విషం

1910 ఫిబ్రవరిలో అమెరికాలోని యెర్క్స్ వేధశాల హేలీ తోకచుక్క వర్ణపటంలో సయనోజన్ వాయువు జాడలను గుర్తించింది. సయనోజన్ కర్బనం, నత్రజనులతో ఏర్పడిన విషవాయువు, సయనైడుకు దగ్గరి చుట్టం. ఆ మే నెలలో భూమి ఆ తోకచుక్క తోకగుండా సాగవలసి ఉన్నది. ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు కమిల్ ఫ్లామరియన్ ఆ విషవాయువు వాతావరణమంతా వ్యాపించి జీవరాశిని నశింపజేయవచ్చునన్నట్లు పత్రికలు ప్రచురించాయి. తోకచుక్క భూమిని సమీపించే కథతో 1894లోనే ‘లోకాంతం’ అనే నవల వ్రాసినది ఈ ఫ్లామరియన్‌గారే. ఇక చెప్పవలసినదేమున్నది? కొందరు తాళంచెవి రంధ్రాలను కాగితాలతో మూశారు. తోకచుక్క విషానికి విరుగుడంటూ మాత్రలు అమ్మినవారు సొమ్ము చేసుకొన్నారు.

లెక్క వేసి చూడడం కష్టమేమీ కాదు. భూమి వాతావరణం బరువు 50 కోట్లను మరల కోటితో హెచ్చవేసినన్ని టన్నులు. అందులో పది లక్షల పాళ్ళకు ఒక్క పాలు విషవాయువు కలవాలన్నా 500 కోట్ల టన్నులు కావాలి. తోకచుక్క సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగినప్పుడు విడిచే పదార్థమంతా కలిపినా అంతకంటె ఎంతో తక్కువ. అందులో సయనోజన్ పాలు స్వల్పం. ఆ స్వల్పంలో భూమి దారికి అడ్డువచ్చేది ఒక నూలుపోగంత. కోట్ల మైళ్ళు చాచుకొన్న ఆ తోక, ప్రయోగశాలలో పంపులతో సాధించే శూన్యం కంటె పలుచన. చాలామంది ఖగోళశాస్త్రజ్ఞులు ఈ సంగతిని అప్పుడే చెప్పారు. మే 18, 19 తేదీలు వచ్చాయి, వెళ్ళాయి. ఎవరికీ దగ్గు కూడా రాలేదు.

ఆ 1910లోనే గురజాడ అప్పారావుగారి ‘ముత్యాల సరములు’ వెలువడింది. తోకచుక్కను కీడుకు గుర్తుగా తలచే జనం నడుమ, దానిని సంఘాన్ని బాగుచేసే మార్పుకు జెండాగా ఆ కవితలో ఆయన చూపారు. సుదూరపు ఖగోళ వస్తువుకు భయపడవలసిన పని లేదన్న శాస్త్రదృష్టి తెలుగు కవిత్వంలోకి ఎంత సహజంగా వచ్చిందో గమనింపదగినది. ఇక షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కోనన్ డాయిల్ 1913లో ‘ద పాయిజన్ బెల్ట్’ అనే కథ వ్రాశారు. భూమి విషపూరితమైన ఆకాశప్రవాహంలో చిక్కుకొనగా, ప్రొఫెసర్ చాలెంజర్ మిత్రులతో సహా ప్రాణవాయువు సిలిండర్లున్న గదిలో తలుపులు బిగించుకొని కూర్చుంటారు. మరునాడు బయటకు వచ్చి చూస్తే లోకమంతా నిర్జీవం. చివరకు జనమంతా మరణించలేదనీ, నిద్రలాంటి స్థితిలో ఉండి మేల్కొన్నారనీ తేలుతుంది. 1910 నాటి భయానికి అది సరియైన ముగింపు.

గడ్డకట్టిన సముద్రాలు

1963లో కర్ట్ వానెగట్ ‘కాట్స్ క్రేడిల్’ నవలలో ‘ఐస్-నైన్’ అనే ఊహాపదార్థాన్ని సృష్టించారు. అది సాధారణ ఉష్ణోగ్రత వద్దనే గడ్డకట్టి ఉండే మంచు. దాని పలుకు ఒక్కటి తగిలితే చాలు, తగిలిన నీరంతా అదే రూపం దాలుస్తుంది. పాలలో తోడు చుక్క పడినట్లు సముద్రమంతా బిగుసుకొని పోతుంది. ఈ ఊహ ఒక రసాయనశాస్త్రజ్ఞుడిది. 1932లో నోబెల్ బహుమతి పొందిన అర్వింగ్ లాంగ్‌మ్యూర్ జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలకు వచ్చిన హెచ్.జి. వెల్స్‌కు దీనిని కథావస్తువుగా సూచించారనీ, వెల్స్ దానిని వాడుకోలేదనీ వానెగట్ చెప్పారు. వానెగట్ అన్నగారు బెర్నార్డ్ ఆ ప్రయోగశాలలోనే పనిచేస్తూ, 1946లో సిల్వర్ అయొడైడ్ పలుకులతో మేఘాలలో మంచును పుట్టించవచ్చునని కనుగొన్న శాస్త్రజ్ఞుడు.

ఆరేళ్ళలో కల్పన నిజమవుతుందేమోనన్న కలవరం కలిగింది. సన్నని గాజుగొట్టాలలో చిక్కని కొత్త రకపు నీరు ఏర్పడుతున్నదని సోవియట్ శాస్త్రజ్ఞులు ఫెద్యాకిన్, దెర్యాగిన్ ప్రకటించగా, దానికి 1969లో ‘పాలీవాటర్’ అన్న పేరు పెట్టారు. ఇది మామూలు నీటినంతా తనవలె మార్చివేయగలదని, భూమిపై ఇంతకంటె ప్రమాదకరమైన పదార్థం లేదని అదే సంవత్సరం ‘నేచర్’ పత్రికలో ఒక హెచ్చరిక వచ్చింది. దీనికి సమాధానం ఉష్ణగతిశాస్త్రంలోనే ఉన్నది. మామూలు నీటికంటె స్థిరమైన నీరు ఉండి, అంత తేలికగా పాకగలిగినదైతే, కోట్ల సంవత్సరాలుగా ఉన్న సముద్రాలు ఎన్నడో మారిపోయి ఉండాలి. మారలేదంటే అటువంటి నీరు లేదన్నమాట. అసలు కారణం గొట్టాలలోని మాలిన్యాలని క్రమంగా తేలింది. అమెరికాలో డెనిస్ రూసో అనే శాస్త్రజ్ఞుడు మనిషి చెమటను పరీక్షించి, దాని వర్ణపటం పాలీవాటర్ వర్ణపటాన్ని పోలి ఉన్నదని 1971లో చూపించారు. 1973లో దెర్యాగిన్ తన వాదాన్ని విరమించుకొన్నారు. ప్రళయం చెమటచుక్కగా తేలిపోయింది.

మూడు మిల్లీమీటర్ల కవచం

ఇంతవరకు చెప్పినవి చదివి, ప్రళయభయాలన్నీ లెక్క వేస్తే ఆవిరైపోతాయని తలచడం పొరపాటు. ఓజోను చరిత్ర అందుకు సాక్ష్యం.

1928 ప్రాంతంలో థామస్ మిడ్జిలీ బృందం రిఫ్రిజిరేటర్లకోసం క్లోరోఫ్లోరోకార్బన్లను తయారుచేసింది. అవి మండవు, విషం కావు. మిడ్జిలీ 1930లో సభలో ఆ వాయువును పీల్చి, దానిని ఊది కొవ్వొత్తి ఆర్పి చూపారు. నలభై ఏళ్ళ తరువాత బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జేమ్స్ లవ్‌లాక్ అట్లాంటిక్ సముద్రం మీది గాలిలో ఆ వాయువులను కొలిచారు. లక్ష కోట్ల పాళ్ళలో కొన్ని పదుల పాళ్ళు! ఇంత స్వల్పమైన వాయువులవలన ఊహించదగిన ప్రమాదమేదీ లేదని 1973లో ఆయన వ్రాశారు. ‘ఎంత?’ అని మాత్రమే అడిగితే ఆ సమాధానం సబబుగానే తోస్తుంది.

‘ఎలా?’ అని అడిగినవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖలోని షెర్వుడ్ రోలాండ్, మారియో మొలీనా. నేలమీద దేనితోనూ కలియని ఆ వాయువులు చివరకు ఎక్కడికి పోతాయి? స్ట్రాటోస్ఫియర్‌కు చేరి, అక్కడి తీవ్రమైన అతినీలలోహిత కిరణాలకు విచ్ఛిన్నమై క్లోరిన్ పరమాణువులను విడుస్తాయి. క్లోరిన్ ఓజోనునుంచి ఒక ఆమ్లజని పరమాణువును లాగుకొంటుంది, మరల దానిని ఇంకొక ఆమ్లజనికి అప్పగించి, తాను మొదటివలెనే మిగిలి మరొక ఓజోను అణువుమీదికి పోతుంది. ఇటువంటి పదార్థాన్నే ఉత్ప్రేరకమంటారు. ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోను అణువులను రూపుమాపగలదని అంచనా. నేలమీది ఒత్తిడి, ఉష్ణోగ్రతల వద్దకు తెచ్చి పరిస్తే ఓజోను కవచమంతా కలిపి మూడు మిల్లీమీటర్ల మందం మాత్రమే. పని ఎట్లా సాగుతున్నదని ఒకనాడు భార్య అడుగగా, పని బాగానే సాగుతున్నది కాని లోకం అంతమయ్యేట్లున్నదని రోలాండ్ చెప్పడం ప్రసిద్ధమైన ఉదంతం. వారి పరిశోధన 1974 జూన్‌లో ‘నేచర్’లో వెలువడింది.

మరుసటి ఏడు ఈ కథలో మరొక మలుపు వచ్చింది. మదురైలో జన్మించి, సికిందరాబాదులోని ఒక రిఫ్రిజిరేటర్ కర్మాగారంలో ఈ వాయువులు ఎక్కడ కారిపోతున్నవో కనిపెట్టే ఉద్యోగంతో జీవితం ప్రారంభించిన వీరభద్రన్ రామనాథన్, అమెరికాలో పరిశోధన చేస్తూ, ఒక్కొక్క క్లోరోఫ్లోరోకార్బన్ అణువు కార్బన్ డయాక్సైడ్ అణువుకంటె వేలరెట్లు అధికంగా భూమి వేడిని పట్టి ఉంచగలదని 1975లో నిరూపించారు. సికిందరాబాదులో కారిన వాయువు ఆ ఊరి ఆకాశంలోనే ఆగిపోలేదని ఆయనకంటె బాగా తెలిసినవారెవరు?

1985లో జోసెఫ్ ఫార్మన్ బృందం అంటార్కిటికాపై వసంతకాలంలో ఓజోను విపరీతంగా క్షీణిస్తున్నదని ప్రకటించింది. సిద్ధాంతం ఊహించినదానికంటె వాస్తవమే తీవ్రంగా ఉన్నది. ధ్రువప్రాంతపు మంచుమేఘాల పలుకులమీద క్లోరిన్ మరింత చురుకవుతుందని సూసన్ సాలొమన్ తదితరులు వివరించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. క్రమంగా ప్రపంచదేశాలన్నీ అందులో చేరాయి. 1995లో రోలాండ్, మొలీనా, పాల్ క్రుట్జెన్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఒప్పందమే లేకపోయినట్లయితే? 2009లో నాసా శాస్త్రజ్ఞులు కంప్యూటర్ నమూనాతో ఈ ప్రళయకథను లెక్కగట్టారు. 2065 నాటికి ఓజోనులో మూడింట రెండు వంతులు మాయమయ్యేది. వాషింగ్టన్ వంటి నగరాలలో ఎండలో ఐదు నిమిషాలు నిలబడితే చర్మం కమిలిపోయేది. ఏ నవలాకారుడూ వ్రాయని ఈ కథ కథగానే మిగిలిపోయింది. 2022 నాటి అంతర్జాతీయ నివేదిక ప్రకారం అంటార్కిటికాపై ఓజోను సుమారు 2066 నాటికి, ధ్రువాలను మినహాయిస్తే తక్కిన ప్రపంచంలో సుమారు 2040 నాటికి 1980 నాటి స్థాయికి చేరుతుంది.

పొగ ఎంత ఎత్తుకు పోతుంది?

అణ్వాయుధాలు వచ్చిన తరువాత ప్రళయకథలో దోషి ఎవరన్న సందేహం మిగలలేదు. 1950లో లియో సిలార్డ్ కోబాల్టు తొడుగుగల బాంబుతో లోకాన్నంతటినీ రేడియోధార్మికతతో నింపవచ్చునని రేడియో చర్చలో హెచ్చరించారు. 1957లో నెవిల్ షూట్ ‘ఆన్ ద బీచ్’ నవలలో యుద్ధంతో సంబంధంలేని ఆస్ట్రేలియా ప్రజలు దక్షిణానికి పాకివచ్చే రేడియోధార్మిక ధూళికై నెలల తరబడి ఎదురుచూస్తారు. వారు వీధులలో గలభా చేయరు. తోటలో మొక్కలు నాటుతూ, తాము చూడబోని వసంతాన్ని గూర్చి మాట్లాడుకొంటారు. ఆ నెమ్మదియే పాఠకుని కలచివేస్తుంది. తెలుగు ప్రేక్షకులకు ఈ ఊహను సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ చిత్రం 1991లో పరిచయం చేసింది. కాలయంత్రం చేరుకొన్న 2504వ సంవత్సరంలో, మూడవ ప్రపంచయుద్ధానంతరం రేడియేషన్‌కు వెరచి మనుషులు భూగర్భంలో జీవిస్తుంటారు.

అయితే రేడియేషన్ కంటె పెద్ద ముప్పు పొగ కావచ్చునని కనుగొన్నది వాతావరణ రసాయనశాస్త్రం. 1982లో క్రుట్జెన్, జాన్ బర్క్స్ అణుయుద్ధంలో దగ్ధమయ్యే నగరాలు, అడవుల పొగ సూర్యకాంతిని అడ్డగించగలదని లెక్కవేశారు. 1983లో కార్ల్ సేగన్‌తో సహా ఐదుగురు శాస్త్రజ్ఞులు దానికి ‘అణు శీతకాలం’ అన్న రూపమిచ్చారు. పినటూబో తుంపరలు కాంతిని మళ్ళిస్తాయి. మసి కాంతిని మ్రింగుతుంది. అందుచేత దాని ప్రభావం మరింత తీవ్రం.

ఇక్కడ కూడా కొలతలు పరీక్ష పెట్టాయి. 1991లో కువైట్‌లో ఆరువందలకు పైగా నూనెబావులు తగులబడినప్పుడు, ఆ పొగ పైకెగసి దక్షిణాసియా వాతావరణాన్ని దెబ్బతీయవచ్చునని సేగన్ హెచ్చరించారు. కువైట్‌లో మధ్యాహ్నాలు చీకటి పడ్డాయి, కాని పొగ స్ట్రాటోస్ఫియర్‌కు చేరలేదు. వానలకు కడుగుకొనిపోయింది. తన అంచనా తప్పిందని సేగన్ తరువాతి గ్రంథంలో అంగీకరించారు. అంతటితో ఆ సిద్ధాంతం కొట్టుబడిపోయిందా? లేదు. 2017లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల కార్చిచ్చు పొగ 12 కిలోమీటర్ల ఎత్తు చేరి, అందలి మసి సూర్యతాపానికి వేడెక్కి రెండు నెలలలో 23 కిలోమీటర్ల వరకు తనంతట తానే ఎగబాకినట్లు ఉపగ్రహాలు కొలిచాయి. ప్రశ్న అంతా ఎంత మసి, ఎంత ఎత్తుకు అన్నదే.

ఈ లెక్క భారతీయులకు పరాయిది కాదు. 2007లో అలన్ రోబాక్ తదితరులు భారత పాకిస్తాన్‌ల మధ్య హిరోషిమా పాటి బాంబులు నూరు ప్రేలితే 50 లక్షల టన్నుల మసి పైకి చేరి, భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా తగ్గుతుందని అంచనా వేశారు. ఈ రెండు దేశాల మధ్య అణుయుద్ధం తీవ్రరూపం దాల్చితే, యుద్ధభూమికి దూరాననున్నవారితో సహా 200 కోట్లకు పైగా జనం ఆకలితో మరణించవచ్చునని 2022లో వెలువడిన మరొక అధ్యయనం తెలిపింది. నమూనాలలోని అంకెలమీద చర్చ ఉండవచ్చు. కాని దేశాంతరం వచ్చాము కనుక మనకు ముప్పులేదన్న ధీమాకు ఇందులో తావులేదు. ‘ఆన్ ద బీచ్’ పాత్రలు ఉన్నది యుద్ధానికి ఎంతో దూరంలోనే కదా!

ఆకాశంనుంచి పడే రాయి

గ్రహశకలాలు ఢీకొనే కథలు మొదట ఊహలే. 1980లో లూయీ అల్వారెజ్, వాల్టర్ అల్వారెజ్, రసాయనశాస్త్రజ్ఞులు ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ ఇటలీలోని గుబియో వద్ద పలుచని బంకమట్టి పొరలో ఇరిడియం మామూలుకంటె 30 రెట్లు ఉన్నదని కొలిచి, 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం రాక్షసిబల్లులు నశించిన నాటి సాక్ష్యాన్ని బయటపెట్టారు. దాదాపు ఆ కాలంలోనే దక్కను పీఠభూమిలో లావా పొంగి పారింది. తెలంగాణ పడమటి ప్రాంతాలలోని నల్లరాతి గుట్టలు దాని గుర్తులే. ఆ వినాశనంలో ఏది ఎంత పాత్ర వహించిందన్న కొలత నేటికీ సాగుతున్నది.

1973లో ఆర్థర్ క్లార్క్ ‘రెండవూ విత్ రామా’ నవలలో ఇటువంటి రాళ్ళను కనిపెట్టి ఉండే వ్యవస్థకు ‘స్పేస్‌గార్డ్’ అని పేరుపెట్టారు. తరువాత నిజంగా మొదలైన గాలింపు ఆ పేరునే స్వీకరించింది. 2022 సెప్టెంబరులో నాసావారి డార్ట్ నౌక డైమార్ఫస్ అనే చిన్న శకలాన్ని కావాలని ఢీకొని, దాని ప్రదక్షిణకాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. మానవుడు ఒక ఖగోళవస్తువు దారిని బుద్ధిపూర్వకంగా మార్చడం అదే ప్రథమం.

నావలోని విత్తనాలు

ఈ చరిత్రలో విశేషమేమిటంటే, ఆకారం చూసి ప్రమాదాన్ని అంచనా వేయలేము. ఆకాశమంతా ఆక్రమించిన తోకచుక్క తోకలో విషం లెక్కకు రానిదైంది. లక్ష కోట్లలో పదుల పాళ్ళున్న వాయువు లోకానికి గొడుగు చింపబోయింది. కంటికి కనిపించే భయంకన్న, త్రాసులో తూగిన భయం నమ్మదగినది. అయితే త్రాసు వద్దకు మనిషిని నడిపించేది చాలాసార్లు కథే. ‘ఎంత?’ అనీ ‘ఎలా?’ అనీ శాస్త్రం అడుగుతుంది. ‘అప్పుడు మనం ఎట్లా ప్రవర్తిస్తాము?’ అని కథ అడుగుతుంది. ఇంట్లో పిల్లలు ఈనాటి ప్రళయచిత్రాలు చూసి కలవరపడినప్పుడు పెద్దలు ఆ చిత్రాలను త్రోసిపుచ్చనక్కరలేదు, బెదరనూ అక్కరలేదు. పిల్లల చేతికి కాగితం, కలం ఇచ్చి ఈ మూడు ప్రశ్నలూ వేయించవచ్చు.

సత్యవ్రతుని నావకు నేటి రూపం నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవులలో ఉన్నది. 2008లో అక్కడ కొండను తొలిచి, గడ్డకట్టిన నేలలో ప్రపంచ విత్తన భాండాగారం నిర్మించారు. హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ లక్షకు పైగా నమూనాలను అక్కడికి పంపింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, అన్నీ తెలుగువారి పొలాలు ఎరిగిన పంటలే. 2015లో సిరియా యుద్ధంవలన తమ విత్తనాలకు దూరమైన శాస్త్రజ్ఞులు అక్కడ దాచుకొన్నవాటిని మొదటిసారిగా వెనుకకు తీసుకొని, మరల విత్తి పండించి, కొత్త గింజలను తిరిగి అప్పగించారు. మహామత్స్యం వచ్చి చెప్పేవరకు వారు ఆగలేదు. కొలిచి తెలుసుకొన్నారు, ముందుగానే దాచుకొన్నారు.